ఉల్లిగడ్డల ఫకీరుకు వడదెబ్బ

పెబ్బేరు ఫకీరు ఉల్లిగడ్డలు అమ్మేవాడు. బండి ఊరి మధ్యలో నిలబెట్టి, కొంటే కొనండి లేకపోతే పొండి అనే రకం కాదు. టీవీయస్ బండికి అటొక బస్తా ఇటొక బస్తా కట్టుకుని పొద్దున్నే బయలుదేరి, వీపనగండ్ల దాకా దారిలో తగిలే ప్రతి ఊళ్ళోనూ ఆగి, ముందు ఒక ఉపన్యాసం ఇచ్చి ఆ తర్వాతే తరాజు బయటికి తీసేవాడు. ఎండాకాలం వచ్చిందంటే ఆ ఉపన్యాసం ఒక్కటే.

"ఉల్లి చేసిన మేలు తల్లి గూడ చెయ్యదమ్మా. కూరకు కిలో తీస్కోన్రి, జేబులకు ఒక్కటి నేను ఊకెనే ఇస్త. జేబుల ఉల్లిగడ్డ ఉన్నోన్ని ఎండ ముట్టదు. మా నాయిన నలభై ఏండ్లు గీ తొవ్వలనే తిరిగిండు. పదిహేనేండ్ల సంది నేను తిరుగుతున్న. మాకేమన్న అయిందా?"

ఏమీ కాలేదు కదా అని జనం తలలూపేవారు. కళ్ళెదుట నిలబడి గొంతు చించుకుంటున్నవాడే సాక్ష్యమాయె. ఎండకు పడి ప్రాణం పోయినవాడు లేచొచ్చి ఉల్లిగడ్డలు అమ్మడు, వాణ్ని అడిగేదెవరు? ఈ సంగతి ఫకీరుకూ తట్టలేదు, కొనేవాళ్ళకూ తట్టలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ చెప్పేవాడు కూడా తన మాటను మనసారా నమ్మాడు. అందుకే అంత బాగా అమ్ముడుపోయేది.

ఇది రెండు వేల మూడో సంవత్సరం ఎండాకాలం నాటి మాట. ముందటేడు వానలు మొహం చాటేశాయి. ఆ ఏడు ఎండలు దానికి వడ్డీ వేసుకుని వచ్చినట్టు వచ్చాయి. పొద్దున తొమ్మిది దాటితే రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకునేది. రాత్రి డాబా మీద పక్క వేసుకున్నా, వీపు కింద ఇంకా పగలే ఉన్నట్టుండేది. ఇట్లాంటి ఎండ మా తాతలు కూడా చూడలేదని ముసలివాళ్ళు అనేవారు. ముసలివాళ్ళు ప్రతి ఏడూ అదే అంటారు, కానీ ఆ ఏడు పడుచువాళ్ళు కూడా అన్నారు.

ఫకీరుకు నలభై దాటాయి. భార్య పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. ఇంటికి పోతే తాళం తీసుకునేది తనే, వేసుకునేది తనే. అట్లాంటి మనిషికి ఆ ఎండాకాలంలో ఒక కోరిక మాత్రం బలంగా ఉంది. దాని పేరు ఖైరున్నిసా.

ఖైరున్నిసాది వీపనగండ్లలో బస్సులు ఆగేచోట హోటలు. హోటలంటే రేకుల కింద నాలుగు బెంచీలు, ఒక పొయ్యి, ఒక మూకుడు, దాని ముందు ఎవరికీ భయపడని ఒక ఆడమనిషి. ఆమె మిరపకాయ బజ్జీ తినడానికి డ్రైవర్లు బస్సును కాసేపు ఎక్కువే ఆపేవారు. ఫకీరు బండి నిజానికి వీపనగండ్ల దాకా పోవలసిన అవసరమే లేదు, సరుకు దారిలోనే అయిపోయేది. అయినా ఆమె కోసం మంచివి ఏరి పక్కన పెట్టుకుని, వాటి మీద వచ్చే లాభాన్ని పెట్రోలుకు తగలేసి పోయేవాడు. మనసు పడ్డవాడికి వ్యాపారం ఎక్కడ తెలుస్తుంది?

చిక్కు ఒక్కటే. ఖైరున్నిసా భర్త రోడ్డు పనిలో తారు పోస్తూ మిట్టమధ్యాహ్నం పడిపోయి మళ్ళీ లేవలేదు. అప్పటి నుంచి ఎవరు పెళ్ళి మాట ఎత్తినా ఆమె జవాబు సిద్ధంగా ఉండేది.

"ఎండల తిరిగేటోన్ని మళ్ల చేస్కోను. నీడపట్టున కూసుండేటోడు ఉంటే చెప్పున్రి."

నీడపట్టున కూర్చునే మగవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇద్దరో ముగ్గురో ఉన్నారు గానీ, వాళ్ళంతా వడ్డీకిచ్చేవాళ్ళు. వాళ్ళంటే ఆమెకు గిట్టదు. ఇక ఫకీరును ఆమె 'ఫకీర్ భాయ్' అని పిలిచేది. వచ్చేపోయే అందర్నీ భాయ్ అనే పిలిచేది, కానీ అది గుచ్చుకునేది ఫకీరు ఒక్కడికే.

అయినా ఫకీరుకు తన ఉల్లిగడ్డ మీద ఆశ. తనను ఎండ ముట్టదని ఆమెకు నమ్మకం కలిగితే చాలు, అడ్డు తొలగినట్టే. అందుకే రోజూ చాయ్ తాగుతూ ఆ మాట కొంచెం కొంచెంగా ఆమె చెవిన వేసేవాడు. మొదట్లో ఆమె నవ్వేది. తర్వాత నవ్వడం మానేసి వినడం మొదలుపెట్టింది. "నిజంగ ఒక్కసారి గూడ తగల్లేదా?" అని ఒకరోజు అడిగింది కూడా. ఆ పూట ఫకీరు తరాజులో ముల్లు ఎటు మొగ్గిందో చూసుకోకుండా అమ్మేశాడు.

రోహిణి కార్తె రేపో ఎల్లుండో అనగా అడిగేద్దామని తీర్మానించుకున్నాడు. ఆ రోజు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాడు. అత్తరు పూసుకున్నాడు. బస్తా అంతా వెతికి అన్నిటికంటే లావుపాటి ఉల్లిగడ్డను జేబులో వేసుకున్నాడు. ముందురోజు నుంచి ఒళ్ళు కొద్దిగా వెచ్చగా ఉన్నా లెక్కచేయలేదు. ఒక చాయ్ తాగి బయలుదేరాడు. నీళ్ళ సీసా గూట్లోనే ఉండిపోయింది. దారి పొడుగునా, అడగబోయే మాటను గట్టిగా చెప్పుకుంటూ వల్లె వేసుకుంటూ పోయాడు. ఎదురొచ్చిన గొర్లకాపరి తనతోనే మాట్లాడుతున్నాడేమోనని ఆగి చూశాడు.

వీపనగండ్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. హోటలు ముందు భీమమ్మ నిలబడి ఉంది. భీమమ్మ అంటే ఊళ్ళో మెట్ట పొలం చేసుకునే మనిషి, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఫకీరు బండి దిగి, తరాజు తీసి, మళ్ళీ దాన్ని కింద పెట్టాడు.

"ఖైరున్నిసా, నీకొక మాట చెప్పాల్నని..." అన్నాడు.

ఆ మాట అక్కడే ఆగింది. మోకాళ్ళు వంగాయి. చెయ్యి బస్తా మీద పడింది, బస్తా నోరు విప్పింది, ఫకీరు ముందు, ఉల్లిగడ్డలు వెనుక, అందరూ రోడ్డు మీద దొర్లారు.

భీమమ్మ ఇదేదో వేషమనుకుని నవ్వింది. ఖైరున్నిసా నవ్వలేదు. మూకుడు కింద మంట అట్లాగే వదిలేసి, తాగేనీళ్ళ కుండ మొత్తం ఎత్తి తెచ్చి అతని నెత్తిన కుమ్మరించింది. కాళ్ళు పట్టుకుని నీడలోకి ఈడ్చింది. ఇస్త్రీ చొక్కా గుండీలు తెంపి విసనకర్రతో విసురుతూ, ఆటో కోసం కేకేసింది. ఇదంతా ఆమె ఆలోచించి చేసినట్టు లేదు. ఒకసారి చేయలేకపోయినదాన్ని ఇప్పుడు చేస్తున్నట్టు ఉంది.

సర్కారు దవాఖానలో ఆ ఎండాకాలం సుహాసిని అనే డాక్టరమ్మ ఉండేది. నాగర్‌కర్నూలు పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది. వడదెబ్బ తగిలి వచ్చిన ప్రతివాణ్నీ ఆమె ఒక ప్రశ్న అడిగేది. జేబులో ఉల్లిగడ్డ ఉందా లేదా అని. ఉల్లిగడ్డ ఉత్త మూఢనమ్మకమని నిరూపించి జనానికి చెప్పాలని ఆమె పట్టుదల. తీరా అడిగి చూస్తే కథ అడ్డం తిరిగింది. పడిపోయి వచ్చినవాళ్ళలో దాదాపు ఎవరి జేబులోనూ ఉల్లిగడ్డ లేదు. పెబ్బేరు సంతకు పోయి చూస్తేనేమో, నిక్షేపంగా తిరుగుతున్న మగవాళ్ళలో సగం మంది జేబులు ఉబ్బెత్తుగా ఉన్నాయి. అంటే ఉల్లిగడ్డ పనిచేస్తున్నట్టే కదా? అంత చదువు చదివి ఈ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఆ పిల్ల నిద్ర పాడుచేసుకుంటోంది.

ఫకీరుకు రెండు సీసాల సెలైన్ ఎక్కాక కళ్ళు తెరిపిడి పడ్డాయి. సుహాసిని మంచం పక్కకు వచ్చి తన మామూలు ప్రశ్న అడిగింది.

"జేబుల ఉల్లిగడ్డ ఉండెనా?"

ఫకీరు బదులు భీమమ్మ చెప్పింది. "జేబులేంది మేడం, బండి నిండ ఉండె."

గదిలో ఉన్న రోగులంతా నవ్వారు. పొద్దున్నే వాంతులతో వచ్చిన ముసలాయన కూడా నవ్వాడు. సుహాసిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. ఫకీరు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. వడదెబ్బ తగిలిన బాధ కంటే, అది ఎవరి ముందు తగిలిందో ఆ బాధ ఎక్కువగా ఉంది. ఖైరున్నిసా మంచం కాళ్ళ దగ్గరే నిలబడి ఉంది.

నవ్వు తగ్గాక సుహాసిని కుర్చీ లాక్కుని కూర్చుంది. "జేబుల ఎవరు పెట్టిన్రు?"

"ఎవరు పెడ్తరు? నేనే పెట్టుకున్న."

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"చాయ్ తాగిన."

"నీళ్ళు?"

"సీసా ఇంట్ల మర్చిపోయిన. నిన్నటి సంది జర జ్వరముండె."

"నిన్నటి సంది జ్వరమంటివి. ఇయ్యాల పోకు, ఇంట్ల పండుకో అని ఎవరన్న చెప్పలేదా?"

ఫకీరుకు చిరాకేసింది. "ఎవరు చెప్తరు మేడం? ఇంట్ల నేను, నాలుగు గోడలు. గోడలు చెప్తయా?"

సుహాసిని ఇంకేదో అడగబోయి ఆగిపోయింది. పక్క మంచం దగ్గర హన్మంతు అనే రైతు తమ్ముడికి తోడుగా కూర్చుని ఉన్నాడు. ఆయన జేబు ఉబ్బెత్తుగానే ఉంది. సుహాసిని ఆయన వైపు తిరిగింది.

"పెద్దయ్యా, నీ జేబుల ఉల్లిగడ్డ ఎవరు పెట్టిన్రు?"

"మా ఇంటామె పెట్టింది. ఆమె పెట్టకుంటె నాకేడ యాదికుంటది?"

"ఇంకేమన్న ఇచ్చిందా?"

"అంబలి తాపిచ్చింది. నీళ్ళ సీసా ఇచ్చింది. నెత్తికి తువ్వాల కట్టింది. పొద్దు నెత్తి మీదికి రాకముందు ఇంటికి రాకుంటె తలుపు తియ్యనన్నది." హన్మంతు కొంచెం సిగ్గుపడ్డాడు. "ఆమెకు జర భయమెక్కువ."

"మరి నీ తమ్ముని జేబుల లేదేంది?"

"వాని పెండ్లాం తల్లిగారింటికి పోయి నెల దాటింది మేడం."

సుహాసిని లేచి నిలబడింది. ముఖంలో వెలుగు వచ్చింది. "గిదే. నేను ఇన్ని దినాలు జేబులు చూసిన గని, ఆ జేబుల పెట్టిన చెయ్యి ఎవరిదని అడగలే. ఉల్లిగడ్డ పెట్టేటోళ్ళు ఉంటే నీళ్ళు ఇచ్చేటోళ్ళు ఉంటరు, అంబలి పోసేటోళ్ళు ఉంటరు, ఎండల పోకని కొట్లాడేటోళ్ళు ఉంటరు. మనిషిని నిలబెట్టేది గవన్ని. పేరు మాత్రం ఉల్లిగడ్డకు."

భీమమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "అంటే మేడం, తల్లులు, పెండ్లాలు చేసిన మేలంత ఉల్లిగడ్డ ఎత్తుకపాయెనా?"

"గట్లనే అనుకో."

ఫకీరు ఊరుకోలేకపోయాడు. పడిపోయినా పరువు పరువే. "గట్లెట్ల అంటరు మేడం? మా నాయిన నలభై ఏండ్లు తిరిగిండు."

"ఆయనకు పొద్దుగాల సద్ది కట్టింది ఎవరు?"

"మా అమ్మ."

"ఇంకోటి. మీ నాయిన తిరిగిన ఎండ గిది కాదు. ఎండలు ఏటేటికి ముదురుతున్నయి. రాత్రిళ్ళు గూడ సల్లబడ్తలేదు, ఒంటికి తెరిపి దొరుకుతలేదు. ఆయన తిరిగినప్పుడు తొవ్వ పొంటి చింతచెట్లు ఉండె గద, ఇప్పుడు ఉన్నయా?"

లేవు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేశారు. అప్పటిదాకా మాట్లాడని ఖైరున్నిసా అప్పుడు నోరు తెరిచింది.

"పదిహేనేండ్ల సంది ఒక్కసారి గూడ తగల్లేదని నాతోని ఎట్ల చెప్పినవ్?"

ఆమె గొంతులో కోపం ఉంది. భాయ్ మాత్రం లేదు. ఫకీరుకు కోపం కంటే ముందు అదే వినబడింది.

"అబద్ధం చెప్పలే," అన్నాడు నెమ్మదిగా. "రెండు మూడు సార్లు కండ్లు తిరిగినయి. ఒకసారి తొవ్వల మోరీ కింద నీడకు సాయంత్రం దాక పండుకున్న. అయితే జేబుల ఉల్లిగడ్డ ఉండె. ఉల్లిగడ్డ ఉండంగ వడదెబ్బ ఎట్లయితది? అందుకే పైత్యం అనుకున్న."

సుహాసిని మళ్ళీ కుర్చీలో కూలబడింది. ఈసారి నవ్వడానికి ఓపిక కూడా లేదు. "అయితే ఉల్లిగడ్డ ఉన్నోళ్ళకు ఎండ తగిల్తే పైత్యమైతది, లేనోళ్ళకు తగిల్తే వడదెబ్బ అయితది. ఇగ నాకు కనబడేదెట్ల? పైత్యమొచ్చినోళ్ళు నా దగ్గరికి రారు గద. ఇంక పాపం, ఒంటరోళ్ళు పొలంల పడిపోతే తెచ్చేటోళ్ళే ఉండరు. వాళ్ళు గూడ నా లెక్కల లేరు. నా ముందటికి వచ్చినోళ్ళను చూసి లోకమంత గిట్లనే ఉందనుకున్న."

ఆ మాట విని ఖైరున్నిసా బయటికి పోయి, హోటలు నుంచి టిఫిన్ డబ్బా తెప్పించింది. కాసేపటికి దాన్ని ఫకీరు పక్కన పెట్టి, "మజ్జిగన్నం ఉంది, తిను" అని చెప్పి వెళ్ళిపోయింది.

తిన్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ తిన్నాడు. ఆరేళ్ళలో అతణ్ని తిను అని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. కానీ తిన్నాక ఆలోచనలో పడ్డాడు. ఆమెకు చెప్పుకోవడానికి తనకున్న ఒకే ఒక్క గొప్ప, ఎండ ముట్టని మనిషినన్నది. అది ఆమె కళ్ళముందే రోడ్డు మీద దొర్లిపోయింది. ఎండకు ఒకణ్ని పోగొట్టుకున్న మనిషి, ఎండకు పడినవాణ్ని ఎందుకు చేసుకుంటుంది?

ఇంటికి పోయి కోలుకున్నాక ఫకీరు అమరచింత వైపు పోయి అమ్మాడు, బిజినేపల్లి వైపు పోయి అమ్మాడు, వీపనగండ్ల వైపు మాత్రం ముఖం పెట్టలేదు. భీమమ్మ నోటి పుణ్యమా అని కథ అతని కంటే ముందే అన్ని ఊళ్ళూ చేరింది. "ఏం సాయబూ, నీ ఉల్లిగడ్డ నిన్నే కాపాడకపాయె" అని నవ్వనివాళ్ళు లేరు. మొదటి రెండు రోజులు తల దించుకున్నాడు. మూడో రోజు ఒక ముసలమ్మ నవ్వి నవ్వి, ఆ నవ్వుకు కిలో ఎక్కువ కొన్నది. ఫకీరు వ్యాపారి కదా, వెంటనే అర్థమైంది. నవ్వేవాళ్ళు కొంటారు.

అప్పటి నుంచి ఉపన్యాసం మార్చాడు.

"అమ్మా, ఉల్లిగడ్డల నడుమ నిలబడి వడదెబ్బ తగిలిచ్చుకున్న ఫకీర్ని నేనే. చూసిపోన్రి, పైసలు అడగ. ఉల్లిగడ్డ కూరలెయ్యున్రి, జేబుల గాదు. ఎండకు నీళ్ళు, నీడ, ఇంట్లోళ్ళ మాట. మీ ఇంటి పక్కన ఒంటరోడు ఎవడన్న ఉంటే, పొద్దుగాల ఒక కేకెయ్యున్రి. వానికి ఎవరు చెప్తరు?"

చివరి మాటను ప్రతిసారీ రెండుసార్లు చెప్పేవాడు. అది అమ్మకం కోసం కాదు. సుహాసిని ఈ ఉపన్యాసం విని, తాను గోడల మీద రాయించిన దాని కంటే ఇదే బాగుందని చెప్పి, అతణ్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగింది. పొద్దున్నే తిరిగి, ఎండ ముదరకముందే ఆపేసేవారు. అట్లా తిరుగుతూ తిరుగుతూ ఒక పొద్దున, తప్పించుకోవడానికి వీల్లేక, వీపనగండ్ల చేరారు.

ఫకీరు హోటలు ముందు బండి ఆపి, తల ఎత్తకుండానే ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఒంటరోడి మాట దగ్గరికి వచ్చేసరికి ఆపేసి తరాజు సర్దడం మొదలుపెట్టాడు. ఖైరున్నిసా మూకుడు దించి బయటికి వచ్చింది.

"ఆ దినం ఏదో మాట చెప్పాల్నంటివి. చెప్పకముందే పడితివి. ఏంది ఆ మాట?"

దారి పొడుగునా వల్లె వేసుకున్న మాట ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. చుట్టూ జనం, పక్కన డాక్టరమ్మ, ఎదురుగా భీమమ్మ.

"నిన్ను చేస్కుంటనని అడుగుదామనుకున్న," అన్నాడు. "ఇప్పుడు అడగనీకె మొకం లేదు. ఎండ నన్ను ముట్టదని చెప్పిన. ముడ్తది. అందరి లెక్కనే ముడ్తది."

ఖైరున్నిసా కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఎండ ముట్టనోడు దునియాల లేడు. ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. నేను చూసింది గది గాదు. పోకు అంటే ఆగేటోడు కావాలె నాకు. మా ఆయనను పడిపోయిన దినం పోకు అన్న. మేస్త్రీ ఊకోడని పోయిండు." కొంగు నడుముకు దోపుకుంది. "పొద్దు పది దాటినంక బండి నడవద్దు."

ఫకీరు తల ఎత్తాడు. ఇది కాదనడం కాదు. ఇది బేరం. బేరమంటే అతనికి ప్రాణం లేచొచ్చింది.

"పదకొండు," అన్నాడు.

"తొమ్మిది."

"పదే ఉండని," అన్నాడు ఫకీరు గాభరాగా.

"పది దాటినంక తరాజు నా రేకుల కింద పెట్టుకో. నీడపట్టున అమ్ముకో. జ్వరముంటే బండి తాళం నాకియ్యాలె."

"ఇస్త."

"ఇగ కొట్లాడొద్దు మల్ల."

"కొట్లాడ్త," అన్నాడు ఫకీరు. "అయితే బండి మాత్రం తియ్య."

భీమమ్మ చేతిలోని బజ్జీ పొట్లం కింద పడేసి మరీ చప్పట్లు కొట్టింది.

పెళ్ళి మృగశిర నాడు జరిగింది. వాన జాడ లేదు. మధ్యాహ్నం నికా అంటే ఖైరున్నిసా ఒప్పుకోలేదు, ఫజర్ నమాజు కాగానే కానివ్వమంది. తెల్లారకముందే ఎక్కడి నికా అని ఖాజీ సాబు సణిగాడు గానీ, వచ్చి చేశాడు. ఏడింటికల్లా బిర్యానీ వడ్డించారు. పొద్దున్నే బిర్యానీ ఏమిటని మొహమాటపడ్డవాళ్ళే రెండోసారి పెట్టించుకున్నారు. హన్మంతు తమ్ముణ్నీ మరదల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. వంటవాళ్ళు అర్ధరాత్రి నుంచి పొయ్యి దగ్గర ఉండి అలిసిపోయారని, సుహాసిని చీర కుచ్చిళ్ళు దోపుకుని గ్లాసులతో మజ్జిగ పంచింది. హోటలు రేకుల కింద ఎప్పుడూ లేనంత నవ్వు వినబడింది. భీమమ్మ పెళ్ళికొడుకు ఎట్లా పడ్డాడో, పడి చూపిస్తూ కొత్త చుట్టాలందరికీ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది.

పొద్దు పైకి వచ్చింది. చుట్టాలు ఒక్కొక్కరే లేచారు. ఖాజీ సాబు బస్సుకు బయలుదేరితే, సాగనంపుదామని ఫకీరు మొహానికి కట్టిన పూల సెహరా పక్కన పెట్టి, నెత్తిన తువ్వాల కూడా లేకుండా రోడ్డు మీదికి నాలుగడుగులు వేశాడు. చెయ్యి కలిపి, దారి ఖర్చులు ముట్టాయా, ఇంటి దగ్గర అందరూ క్షేమమా అని కబుర్లలో పడ్డాడు.

"ఏందయ్యా, గీ ఎండల ఎటు పోతున్నవ్?" వెనుక నుంచి ఖైరున్నిసా గొంతు వినబడింది. "లోపలికి రా."

ఫకీరు అక్కడే నిలబడిపోయాడు. ఖాజీ సాబు ఏదో అడుగుతున్నాడు, అతనికి వినబడటం లేదు. ఆరేళ్ళుగా ఆ ఒక్క మాట అనేవాళ్ళు లేక ఎండనపడి తిరిగిన మనిషి, పెద్దాయనకు సలాం కూడా సగంలోనే వదిలేసి లోపలికి పోయాడు.